ముంగిస చెప్పని మాట

ఆ అడవిలో జంతువులు ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. వేసవిలో తలా కాస్త గడ్డీ పుల్లలూ తెచ్చి ఉమ్మడి గుహలో దాచాలి. గాలివానకి ఎవరి ఇల్లు కూలినా ఆ సరుకుతో అందరూ కలిసి మళ్ళీ కట్టివ్వాలి.

ముంగిస తన వంతు ఎన్నడూ ఎగ్గొట్టలేదు. దాని బొరియ ఒక ముసలి మద్దిచెట్టు వేళ్ళ కింద ఉండేది. ఆ పక్క పొదలో కుందేలు తన పిల్లలతో ఉండేది.

ఒకరోజు వడ్రంగిపిట్ట మద్దిమాను మీద ముక్కుతో కొట్టి చూసింది. "ముంగిసన్నా, మొదలంతా చెదలు తినేసింది. నువ్వు వేరే చోటు చూసుకో. కుందేలుకీ చెప్పు" అంది.

"పడితే పడనీ. కట్టివ్వడానికి అందరూ ఉన్నారుగా" అంది ముంగిస. కుందేలుకి చెబితే ఊరికే కంగారు పడుతుందని ఆ మాట ఎత్తనే లేదు.

తొలకరి గాలికి మద్దిచెట్టు కూలింది. అప్పుడు ముంగిస, కుందేలు మేతకి వెళ్ళి ఉన్నాయి. తిరిగొచ్చేసరికి బొరియ విచ్చుకుపోయి ఉంది. పొద మాను కింద నలిగిపోయింది. పిల్లలు దక్కలేదు.

"వడ్రంగిపిట్ట చెప్పింది. చెట్టు సంగతి నీకు ముందే తెలుసటగా, అన్నా?" అంది కుందేలు.

"తెలుసమ్మా" అంది ముంగిస తల దించుకుని.

మాట ప్రకారం అందరూ వచ్చారు. ముంగిసకి బొరియ తవ్వారు. కుందేలుకి మెత్తటి గడ్డి పరిచి, మునుపటంత విశాలంగా ఇల్లు అల్లారు.

కుందేలు లోపలికి తొంగిచూసింది.

"ఇంత పెద్దది నా ఒక్కదానికి ఎందుకన్నా?" అంది.

గడ్డిమోపు పట్టుకుని ముంగిస అక్కడే నిలబడిపోయింది.