మొదటి భాగమే నయం

తెర మీద కుర్ర మాంత్రికుడు మంత్రం తప్పు చదివి బొళుక్కున ఓ కప్పను కక్కాడు. దాని వెనకే ఇంకోటి. ఆ తర్వాతది జిగురు కారుతూ గడ్డానికి వేలాడింది.

సమీక్షకుడు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఛీ," అన్నాడు. "అలాంటి సినిమా కడుపున ఇలాంటిది పుట్టిందేమిట్రా?"

పక్క కుర్చీలో ఆయన బావమరిది. చిన్న ప్రివ్యూ హాలు, ఉన్నది ఇద్దరే. దారిలో బండి మొరాయించడంతో వాళ్ళొచ్చేసరికి పేర్లు పడటం అయిపోయింది.

"మొదటి భాగం నేను చూళ్ళేదు బావా. అంత బాగుంటుందా?"

"చూడకపోవడం నీ ఖర్మ. అందులో మాంత్రికులంటే మాంత్రికులు. ఈ కక్కులూ డోకులూ ఎక్కడున్నాయి?"

సినిమావాళ్ళు ఆయన్ని చాటుగా చీపురుకట్ట అంటారు. ఆయన ఊడ్చాక ఇంకేం మిగలదు. అలాంటివాడు ఈ మాంత్రికుల సినిమా మొదటి భాగాన్ని ఆకాశానికెత్తాడు. ఆ సమీక్ష చదివే జనం హాళ్ళకు ఎగబడ్డారు. రెండో భాగం రేపు విడుదల. పేపర్లో ఆయన ఏం రాస్తాడో చూశాకే మూడో భాగం సంగతి మాట్లాడదామని నిర్మాత తేల్చి చెప్పాడు. దర్శకురాలు లోపల కూర్చోలేక బయట వరండాలో పచార్లు చేస్తోంది.

తెర మీద ఎవరివో గోళ్ళు కత్తిరించి కషాయంలో వేశారు. అది అందరూ వరసగా తాగారు. ఒకడు మూతి నాక్కున్నాడు. అడుసు తొక్కనేల అనుకున్నాడు సమీక్షకుడు, ఇంట్లో హాయిగా పడుకోక.

ఇక వంతెన మీద ముసలి మాంత్రికుడు చావడం మొదలుపెట్టాడు. ఎంతకీ చావడు. గడ్డం అంటించిన జిగురు చెవి దగ్గర మెరుస్తోంది. శిష్యురాలు మీద పడి ముక్కు చీదుతూ ఏడిస్తే ఆ చీమిడి కాస్తా గడ్డానికే అంటుకుంది. సమీక్షకుడు ముఖం తిప్పేసుకున్నాడు. ఇంత రోత ఆయన జన్మలో చూడలేదు.

బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు.

"నాకైతే ముసలాయన నచ్చాడు బావా."

"నీకు నచ్చందేముంది? మీ అక్క వంటే లొట్టలేసుకుంటూ తింటావు."

దీపాలు వెలిగాయి. పేపర్లో పేజీ ఆయన కోసమే ఆగి ఉంది. వరండాలోకి వచ్చి, దర్శకురాలికి వినబడేలా నిలబడి, ఫోన్లో చెప్పడం మొదలుపెట్టాడు.

"రాసుకో. ముందు బలహీనతలు. మొదటి భాగంలో ఉన్న హుందాతనం ఇందులో మచ్చుకైనా లేదు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టుంది. కప్పలు కక్కే సీను చూశాక జనం అన్నం ముందు కూర్చోలేరు. వంతెన మీద ముసలి మాంత్రికుడి చావు మరీ అసహ్యం. ఆ పాత్రను మొదటి భాగంలో ఎంత గొప్పగా తీర్చారో తలుచుకుంటే ఏడుపొస్తుంది."

బావమరిది మోచేత్తో పొడిచాడు. "ఒక్క బలమైనా చెప్పు బావా. ఆవిడ ఇక్కడే ఉంది."

"బలాలు. హాల్లో కుర్చీలు మెత్తగా ఉన్నాయి. నక్షత్రం ఒక్కటే, అదీ నా జాలిగుండె కొద్దీ. పేజీ పంపించెయ్."

పంపించేశామని అవతలివాళ్ళు చెప్పారు.

ఆయన దర్శకురాలి వైపు తిరిగాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు. కనుబొమలు ముడేసి కాసేపు ఆయన వంకే చూసింది. తర్వాత గబగబా మెట్లెక్కి ప్రొజెక్టర్ గదిలోకి వెళ్ళింది. అక్కడ ఎవర్నో కోప్పడటం వినిపించింది.

"చూశావా," అన్నాడు సమీక్షకుడు బావమరిదితో. "తప్పు తనది, కోపం పనివాళ్ళ మీద."

ఆమె దిగి వచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మొహమాటం లేకుండా అడుగుతున్నానమ్మాయ్. మొదటి భాగం తీసిన చెయ్యేనా ఇది?"

"ఆ చెయ్యేనండీ, మా ఆపరేటర్ పొరపాటున మీకు మొదటి భాగమే వేశాడు."