చాపలో సగం

ఏడింటికి ఐదు నిమిషాలుందనగా యెహెజ్కేలు లేచి టీవీ వెనక తీగ పీకేశాడు. దాన్ని చుట్టచుట్టి బీరువా మీద పెట్టాడు. టీవీ మీద తెల్లదుప్పటి కప్పాడు.

అప్పుడే చాప పరుస్తున్న కూతురు సారిక చేతులు ఆగిపోయాయి.

"నలభై రోజులు," అన్నాడు. "నిన్న చర్చిలో అందరి ముందూ ఒప్పుకున్నాను. నువ్వూ విన్నావుగా."

విన్నది. శ్రమకాలం మొదలైంది కాబట్టి ఎవరింట్లో దేనికి ఎక్కువ లొంగిపోయారో దాన్ని ఈస్టర్ దాకా వదలమన్నారు పాస్టరుగారు. ఒకాయన కిళ్లీ అన్నాడు. ఇంకొకాయన టీ అన్నాడు. యెహెజ్కేలు లేచి టీవీ అన్నాడు. ఆ మాటకి ఆడవాళ్ళ వైపు సగం తలలు కిందికి దిగాయి.

అతను అన్నదాంట్లో తప్పు లేదు. పిల్ల ఎనిమిదో తరగతి. బడి నుంచి వచ్చి సంచి పడేసి టీవీ పెడితే నిద్రొచ్చేదాకా అదే. మొన్న లెక్కల్లో యాభైకి పదకొండు వచ్చాయి. పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి. క్రికెట్టు ఉన్న రోజు అతనూ అంతే. నరసాపురం తిప్పే తన ఆటో ఇంటి ముందే ఉండిపోయేది.

"మిగతావన్నీ మానేస్తాను నాన్నా. ఏడింటి సీరియల్ ఒక్కటే. అరగంట."

"మొక్కుబడిలో అరగంటలుండవమ్మా."

"అమ్మ కూడా అప్పుడే చూస్తది కదా."

యెహెజ్కేలు దుప్పటి అంచు సరిచేశాడు.

సారిక తల్లి బేబి కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. ఇక్కడ ఏడైతే అక్కడ నాలుగున్నర. పనివాళ్ళ గదిలో టీవీ ఉందని, తెలుగు చానల్ వస్తుందని, ఆ అరగంటా తనకి పనుండదని వెళ్ళిన కొత్తలోనే చెప్పింది. నువ్వక్కడ చూడు, నేనిక్కడ చూస్తాను, ఇద్దరం పక్కపక్కన కూర్చున్నట్టే అంది. అప్పట్నుంచి సారిక చాపలో ఒక పక్కకే కూర్చునేది. రెండో సగం ఖాళీ. ఓసారి పక్కింటి చిట్టెమ్మ చూసుకోకుండా అందులో కూర్చుంటే, "అత్తా, అది అమ్మది," అని లేపేసింది.

పోనీ చిట్టెమ్మత్త ఇంట్లో చూసొస్తానంది సారిక.

"మొక్కుకుంది పెట్టె గురించి కాదు, మన కళ్ళ గురించి," అన్నాడు.

పిల్ల చాప మాత్రం పూర్తిగా పరిచింది. దుప్పటి కప్పిన టీవీ ముందు, తన సగంలో తను కూర్చుంది. ఏడున్నరకి లేచి చాప చుట్టేసి లెక్కల పుస్తకం తీసింది.

మంగళవారమూ అంతే చేసింది. బుధవారం యెహెజ్కేలు ఆటో ఆపి లోపలికి రాబోతూ కిటికీలోంచి చూశాడు. పిల్ల వీపు కనిపించింది. పక్కన ఖాళీ చాప, ఎదురుగా తెల్లదుప్పటి. అతను వెనక్కి తిరిగి పంపు దగ్గరికెళ్ళి, ఒకసారి కడుక్కున్న కాళ్ళే మళ్ళీ కడుక్కున్నాడు.

గురువారం అన్నాలు తింటూ సారికే మాటెత్తింది.

"రేపు అమ్మ ఫోన్ చేస్తది. టీవీ తీసేశామని చెప్పకు నాన్నా."

"ఏం?"

"వారమంతా తనొక్కతే కూర్చుని చూసిందని తెలిస్తే ఏడుస్తది."

"శ్రమకాలంలో అబద్ధమా?"

"నువ్వు చెప్పక్కర్లేదు. నేను చెప్తాలే."

యెహెజ్కేలు మజ్జిగ పోసుకున్నాడు.

అక్కడి మేడమ్ బేబికి శుక్రవారం ఒక్కరోజే ఫోను చేతికిస్తుంది. సాయంత్రం మోగింది. సారిక స్పీకర్ పెట్టి గట్టు మీద పెట్టింది. ఆయన టైముకి తింటున్నారా అని అడిగింది బేబి. ఆటోకి కొత్త టైరు వేయించారా, చిట్టెమ్మ మోకాలు ఎలా ఉంది, జడ ఎవరు వేస్తున్నారు, అన్నీ అడిగింది. నేనే వేసుకుంటున్నానంది సారిక. తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"సరే, ఈ వారం కథ చెప్పు. నేను చూసిందే అయినా నీ నోట వింటే బాగుంటది."

సారిక దుప్పటి వైపు చూసింది. కిందటి శనివారం సీరియల్లో కోడలు పాపని వదిలి ఇల్లు దాటి వెళ్ళిపోయింది. పిల్లకి తెలిసిన కథ అంతవరకే. ఆ తర్వాత ఏమైందో తెలీదు. అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయింది.

"నిన్న కోడలు తిరిగొచ్చేసిందమ్మా."

"ఊఁ."

"వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే వీధిలో ఆటో దిగింది. పాప గుమ్మంలో నిలబడి జడేసుకుంటోంది. ముందు ఎవరో అనుకుంది. తర్వాత..."

సారిక జడ కొస వేలికి చుట్టుకుంది. యెహెజ్కేలు చుట్టిపెట్టిన చాప వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఫోన్లో ఎక్కడో గిన్నెల చప్పుడు.

"అమ్మా, నువ్వూ చూశావు కదా?"

"చూడకపోవడమేంటే," అంది బేబి. "పాప సగం జడతోనే పరిగెత్తుకొచ్చింది కదా, చెప్పులైనా వేసుకోకుండా. అది చూసి నిన్న ఎంతసేపు ఏడ్చానో."