నూట నలభై నాలుగు బైట్లు

“నూట ఎనభై రెండు,” అంది ప్రోగ్రామరు, లాప్‌టాప్ తెరను ఎదురుగా కూర్చున్న పాత కంపోజిటరు వైపు తిప్పుతూ. “ముప్పై ఎనిమిది బైట్లు తగ్గాలి.”

తెర మీద రెండే వాక్యాలున్నాయి. ‘ఈ పెద్దాయన దారి మరిచిపోయారు. దయచేసి వారి కుమార్తెకు ఫోన్ చేయండి’. పక్కన ఫోన్ నంబరు. మతిమరుపు వచ్చిన ఒక పెద్దాయన చేతికి కట్టే పట్టీలో చిప్ ఉంటుందనీ, ఎవరైనా ఫోను ఆనిస్తే ఈ రాత కనిపిస్తుందనీ, అందులో నూట నలభై నాలుగు బైట్లే పడతాయనీ ఆమె చెప్పింది.

కంపోజిటరు కళ్ళజోడు సర్దుకున్నాడు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. చోటు చాలకపోవడం ఆయనకు కొత్త కాదు. అంకెకు ఒక బైటు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు అని తెలుసుకుని, మరి ‘పెద్దాయన’లో ‘ద్ద’ ఒక్కటే తొమ్మిది ఎందుకు తిన్నదని అడిగాడు. రెండు ‘ద’లకు ఆరు, వాటిని కలుపుతూ కంటికి కనపడకుండా ఉండే పొల్లుకు మూడు అని చెప్పిందామె.

ఆయన నవ్వాడు. అచ్చులో పడకుండా చోటు మాత్రం తినేవి తమ ప్రెస్సులోనూ ఉండేవట, మాటల మధ్య దూర్చే సీసం ముక్కలు. ఆ మాటతో మొదలై పాత రోజులన్నీ బయటికొచ్చాయి. సిరా వాసన, సాయంత్రానికి నల్లబడిపోయే వేళ్ళు, తిరగబడ్డ అక్షరాలను గడగడా చదివేయడం. వింటూ ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

“‘దయచేసి’ తీసెయ్యమ్మా,” అన్నాడు కాసేపటికి. “దయ ఉన్నవాళ్ళు అడక్కపోయినా చేస్తారు.”

నూట అరవై మూడు.

ఆయన వేలు ‘వారి కుమార్తెకు’ దగ్గర ఆగింది. కుమార్తె అనేది కార్డుల మీద వేసే మాటనీ, ఇళ్ళల్లో అందరూ అనేది కూతురనేననీ, ‘వారి’ కూడా అక్కర్లేదనీ అన్నాడు. ఆమె ‘కూతురికి’ అని మార్చింది. సరిగ్గా నూట నలభై నాలుగు.

“నాకూ ఉందమ్మా ఒక కూతురు. బడి వదలగానే ప్రెస్సుకొచ్చి, నా పక్కన స్టూలెక్కి వత్తులు ఏరిపెట్టేది. ఈమధ్య రావడం లేదు. పని ఎక్కువై ఉంటుంది.”

ఆమె తెర వైపే చూస్తూ రాతను చిప్‌లోకి ఎక్కించింది. ఫోను ఆనించి చూసింది. ఒక్క అక్షరం తెగలేదు. పట్టీ కొలత చూద్దాం, చెయ్యి ఇవ్వమంది. ఆయన బుద్ధిగా మణికట్టు చాపాడు. ఆమె బకిల్ పెట్టి, బిగుతుగా లేదు కదా అని వేలు దూర్చి చూసింది.

“ఎవరి తండ్రో పాపం,” అన్నాడాయన, పట్టీని నిమురుతూ. “దిగులు పడొద్దని ఆ పిల్లకి నా మాటగా చెప్పమ్మా.”

“చెప్తాను నాన్నా,” అంది.