గువ్వ పుట్టుమచ్చ

“మచ్చ ఎడమ బుగ్గ మీదుండాలి. లేకపోతే ఈ సినిమా తియ్యకండి!”

బొమ్మలావిడ అరచేత్తో బల్ల మీద కొట్టింది. గ్లాసులో నీళ్లు తొణికి నిర్మాత కాగితాల మీద పడ్డాయి. ఆయన గోడల మీది పోస్టర్ల వైపు చూశాడు. అన్నిట్లోనూ గువ్వే. అన్నిట్లోనూ మచ్చ కుడి బుగ్గ మీదే.

“అమ్మా, పదిహేనేళ్లుగా జనం చూస్తున్న మొహం. ఇప్పుడొచ్చి మచ్చ అటు జరపమంటే ఎలా? పిల్లలు నన్ను కొడతారు.”

“కొడితే కొట్టించుకోండి.”

గువ్వను పుట్టించింది ఆవిడే. అప్పట్లో ఓ చిన్న వీడియో గేముల కంపెనీలో చుక్కలు పేర్చి బొమ్మలు చేసే ఉద్యోగం. కత్తి పట్టిన వీరుణ్ణి గీయమని యజమాని చెబితే, రెండు జడల ఆరేళ్ల పిల్లను గీసిచ్చింది. ఆ పిల్ల తలుపులు తట్టుకుంటూ తన ఇల్లు వెతుక్కుంటుంది. అదే ఆట. యజమాని నెత్తి కొట్టుకున్నాడు. జనం మాత్రం ఎగబడి ఆడారు.

ఆ రోజుల్లో గేముల్లో జాగా బహు తక్కువ. ఒకవైపుకి నడిచే బొమ్మ గీస్తే చాలు, రెండోవైపుకి కంప్యూటరే అద్దంలోలా తిప్పేసేది. మచ్చ కనబడాలని ఆవిడ ఎడమకి నడిచే గువ్వను గీసింది. సగం పని తప్పిందని సంబరపడింది కూడా. తిప్పితే ఎడమ బుగ్గ మీది మచ్చ కుడి బుగ్గకి పోతుందని ఆ క్షణాన తట్టలేదు మహాతల్లికి. తీరా ఆటంతా గువ్వ కుడివైపుకే పరుగెత్తింది. జనం కంట్లో పడింది ఆ మచ్చే.

కామిక్కు గీసినాయన దాన్నే చూసి గీశాడు. పదేళ్ల గువ్వ, మచ్చ కుడివైపు. టీవీ కార్టూన్ వాళ్లు కామిక్కుని చూసి గీశారు. పద్నాలుగేళ్ల గువ్వ, ఒంటి జడ, మచ్చ కుడివైపు. ప్లాస్టిక్ బొమ్మలూ స్కూలు సంచులూ అంతే. ప్రతిసారీ ఆవిడ వెళ్లి పోట్లాడింది. “గేముల్లో వాళ్లకి వయసు రాదమ్మా” అని వాళ్లెంత మొత్తుకున్నా, గువ్వను ఎప్పటికప్పుడు పెంచి గీయడం దగ్గర తన మాటే నెగ్గించుకుంది. మచ్చ దగ్గర మాత్రం ఎవరూ వినలేదు. హక్కులన్నీ ఎప్పుడో రాసిచ్చేసిన మనిషి మాట ఎవడు వింటాడు?

ఇప్పుడు సినిమా. ఇరవై ఒక్కేళ్ల గువ్వ, నిజం మనిషి మొహంతో. ఆవిడ గీసిన కొత్త బొమ్మను పేపర్లలో వేసి, ఇలాంటి మొహమున్న అమ్మాయి కావాలన్నారు. వేసేముందు ఆవిణ్ణి అడక్కుండానే మచ్చను కుడివైపుకి మార్చేశారు. వారం రోజులుగా కింది హాల్లో అమ్మాయిలు బారులు తీరుతున్నారు.

“ఆవగింజంత మచ్చ కోసం ఇంత రాద్ధాంతమా?” నిర్మాత నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. కుర్చీలో కూలబడింది.

“అది నా కూతురండీ.”

ఆయన నవ్వు ఆగిపోయింది.

“ఆరేళ్లప్పుడు రైల్వే స్టేషన్లో దాని చెయ్యి వదిలేశాను. టిక్కెట్టు తీసుకోడానికి. ఒక్క నిమిషం, అంతే. పోలీసులు నాలుగు నెలలకే ఫైలు కట్టేశారు. నావల్ల కాలేదు. బొమ్మలో పెడితే ఇంటింటికీ తిరుగుతుంది కదా అనుకున్నా. ఎవరో ఒకరు చూసి, అరె, ఈ పిల్ల మా పక్కింట్లో ఉందే అంటారనుకున్నా. పెరిగితే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ గీశా. మచ్చే తప్పయితే ఎవరు పోల్చుకుంటారు? దాని మొహాన్ని నా చేత్తో నేనే తిప్పేశాను సార్!”

“ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం?”

“తప్పిపోయిన పిల్ల మొహమని తెలిస్తే ఆట ఎవడు కొంటాడు, నోరు మూసుకో అన్నాడు మా యజమాని. మూసుకున్నాను. లేకపోతే గువ్వే ఉండేది కాదు.” ఆవిడ రెండు చేతులూ జోడించింది. “మీ కాళ్లు పట్టుకుంటాను. ఇదే ఆఖరు. వచ్చే ఏటికి, ఇరవై రెండేళ్ల మొహం ఎంత ప్రయత్నించినా నాకు ఊహకి రావట్లేదు. దాన్ని మర్చిపోతున్నానేమో!”

నిర్మాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకీ ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఎవరేమనుకుంటే నాకేం అనుకున్నాడు కాబోలు, ఫోనందుకున్నాడు. అవతల, కింది హాల్లో అమ్మాయిల్ని ఎంపిక చేసే అసిస్టెంటు.

“ఏమయ్యా, మచ్చ మారింది. ఎడమ బుగ్గ. ఇకనుంచి ఎడమవైపు మచ్చున్న వాళ్లనే చూడు. బొమ్మ గీసినావిడ నా ఎదురుగానే ఉన్నారు, స్పీకర్లో పెడుతున్నా, సరేనని నీ నోటితో చెప్పు.”

పదిహేనేళ్లలో మచ్చ విషయంలో తన మాట ఒకరు వినడం అదే మొదలు. బొమ్మలావిడ అరచేత్తో కళ్లు తుడుచుకుని, ఆశగా ఫోను మీదికి వంగింది.

“ఎడమ బుగ్గా? అయ్యయ్యో సార్, పొద్దున ఒకమ్మాయి అచ్చం ఆ మొహంతోనే వచ్చి, నాకు వేషం వద్దు, నా మొహం గీసినావిడెవరో చెప్పండి చాలని ఏడుస్తుంటే, నీ మొహమే అయితే మచ్చ కుడివైపుండాలిగా అని దబాయించి, పేరైనా అడక్కుండా గేటు బయటికి పంపించేశాను!”