పిడికెడు పంచదార

ఒకసారి చూసిన మొహాన్ని నేను మరిచిపోను. సంతలో దూడ మూతి చూసి, దాని అమ్మమ్మ ఎవరింటి ఆవో చెప్పిన కన్ను ఇది.

ఆ కన్నేసుకునే ఆ రోజు మా బిళ్లలవాడి కొట్లో, బల్ల మీద కూర్చుని వాడి అవస్థ చూస్తున్నాను.

వాడూ నేనూ ఒకే బడి, ఒకే బెంచీ. పంచదార బిళ్లలు చేసి అమ్మే ఆ కొట్టు వాడి మామగారిది. ఆయన కంటితోనే పాకం పట్టేవాడు. ఆ నేర్పు ఆయనతోనే పోయింది. అల్లుడు చేసిన బిళ్లలు సీసాలో ఒకదాన్నొకటి కావలించుకుని, గరిటె పెట్టి పొడిచినా విడిపోవు.

"ఇవాళ్టి వాయి కూడా అంటుకుంటే ఇక ఏ దుకాణంవాడూ మన సరుకు తీసుకోడు. నాన్న కొట్టుకి తాళం వేసుకోవడమే," అంది వాడి భార్య, పొయ్యి మీద పాకం కలుపుతూ.

అంతలో ఎదురుగా బస్సు కోసం నిలబడ్డ ముసలాయన ఒకరు ఎండకి తాళలేక లోపలికొచ్చి, నా పక్కన కూర్చున్నాడు.

"దించెయ్. మరిగిందిగా," అన్నాడు బిళ్లలవాడు.

"అప్పుడేనా? కడ్డీ ఎంత చూపిస్తోంది?" అన్నాడు ముసలాయన.

కడ్డీ అంటే పాకంలో ముంచిన థర్మామీటరు.

"నూట పదండీ. పాడైపోయింది వెధవ కడ్డీ. మరగడమంటే వంద. ఎంత మంట పెట్టినా దాటదు."

"ఎవరు చెప్పారు?"

"మా మాస్టారు. నీళ్లు కాచి మరీ చూపించారు. కావాలంటే వీణ్ణి అడగండి."

నేను గంభీరంగా తలూపాను.

"అయితే మీ మాస్టారు సగమే చెప్పాడు."

పాకం కంటే ముందు బిళ్లలవాడికి పొంగొచ్చింది.

"పెద్దాయనా, నన్ను తిట్టండి, పడతాను. మాస్టారి జోలికి రాకండి. ఆయన దేవుడు!"

"అంత లేదులే," అని నవ్వి, ముసలాయన పొయ్యి వైపు తిరిగాడు.

"అమ్మా, ఒట్టి నీళ్లు ఒంటరి మనిషి లాంటివి. వంద రాగానే లేచి పోతాయి. పంచదార కరిగిందా, చుట్టూ బంధువులు చేరినట్టే. వెళ్తానంటే వెళ్లనివ్వరు. గుమ్మం దాటాలంటే ఇంకాస్త వేడి కావాలి. నీళ్లు తగ్గేకొద్దీ ఆ పట్టు బిగుస్తుంది, వేడీ పెరుగుతుంది. కడ్డీ మంచిదే. నూట యాభై దాకా పోనియ్యి."

"మాడి బొగ్గవుతుంది!" అని అరిచాడు బిళ్లలవాడు. "ఇక దయచేయండి తమరు!"

ముసలాయన నొచ్చుకోలేదు. మూలనున్న బస్తా వైపు చూసి, మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"మొత్తానికి పంచదార తెచ్చావురా," అని మెట్లు దిగాడు.

"ఎండ దెబ్బ," అన్నాను నేను.

ఆమె మాత్రం పాకం దించలేదు.

"మూసేసే కొట్టేగా, మాడితే మాడనియ్యండి."

బుడగలు చిక్కబడ్డాయి. కడ్డీ ఎక్కుతూనే పోయింది. నూట యాభై రాగానే ఆమె పాకాన్ని బండ మీద పోసింది. ఆరాక సుత్తితో తడితే గాజులా ఫెళ్లుమంది. సీసాలో వేసి ఊపితే గలగల. తండ్రి పోయాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

బిళ్లలవాడు ఒక ముక్క బుగ్గన పెట్టుకుని, ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఒరేయ్, నీళ్లు కాచిన రోజు మాస్టారు చివర్న ఏమన్నారు?"

నాకప్పుడు గుర్తొచ్చింది.

"రేపు తలా పిడికెడు పంచదార తెండర్రా, మిగతా సగం చూపిస్తాను" అన్నారు. ఆ రాత్రికి రాత్రే బదిలీ. మేం తెచ్చిన పంచదార మేమే తినేశాం.

ఇద్దరం చెప్పులైనా లేకుండా పరుగెత్తాం. బస్సు కదులుతోంది. కిటికీలోంచి మాస్టారు మమ్మల్ని చూసి, "ఇప్పుడు అర్థమైందా?" అన్నట్టు తలెగరేసి నవ్వారు.

మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న గురువుని పోల్చుకోలేని కన్నండీ నాది. ఆ దూడ అమ్మమ్మ సంగతి కూడా దాన్ని తోలుకొచ్చినవాడే నా చెవిలో ఊదాడు.

ఇక ఇందులో నేను కల్పించింది ఒక్కటే, కిటికీలో ఆ నవ్వు. మేం వెళ్లేసరికి బస్సు లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.