గుమ్మం మీది ఎండుకట్ట

"దొంగ విత్తనం కాకపోతే నీ తాళ్ళ మీది నాచు అచ్చం నా నాచులా ఎందుకుందే?"

పెద్దకోడలి గొంతుకి సముద్రపు నాచు పెంచేవాళ్ళ సంఘం షెడ్డు రేకులు అదిరాయి. చిన్నకోడలు తలెత్తకుండా ఒళ్ళోని ఎర్రనాచు చిక్కులు తీస్తోంది.

"నేను తియ్యలేదక్కా."

"ఉత్తరపు ఒడ్డున పుట్టింటి నుంచి ఉత్త చేతులతో వచ్చినదానివి! నేను ఆస్పత్రిలో పడ్డ ఏడాది తెగులొచ్చి తీరమంతా కుళ్ళిపోయింది. మా తాళ్ళని మా ఆయన ఎలాగో బతికించారు. మరి నీవి ఎలా బతికాయి?"

చిన్నకోడలు మరో చిక్కు అందుకుంది.

"చూశారా, తేలు కుట్టిన దొంగలా ఎలా కూర్చుందో!"

"పోనిద్దూ, ఇంటి గొడవ సంఘం దాకా ఎందుకు?" అన్నాడు పెద్దకోడలి భర్త, పడవతాడు ముడి వేస్తూ, విప్పుతూ.

"మరదల్ని వెనకేసుకొచ్చింది చాలు. మీరూరుకోండి!"

దొంగతనం రుజువైతే సముద్రంలో తాళ్ళు కట్టుకునే చోటు పోతుంది. చిన్నకోడలికి ఆ చోటు తప్ప వేరే బతుకుతెరువు లేదు.

ఏ ఒడ్డు నాచుకి ఏ జన్యువులున్నాయో పరీక్షిస్తున్న ప్రయోగశాల మేడమ్ ఇద్దరి తాళ్ళ నుంచీ చెరో ముక్క తుంచుకుంది. పెద్దకోడలు ఊరుకోలేదు. కాపురానికొచ్చిన ఏడాది తన మొదటి పంటలోంచి తీసి గుమ్మం మీద మేకుకి తగిలించిన ఎండుకట్టను దించి, దుమ్ము దులిపి మరీ ఇచ్చింది.

"ఇదీ పరీక్ష చెయ్యండి మేడమ్. సాక్ష్యం గట్టిగా ఉండాలి."

ఫలితం చెప్పే రోజున షెడ్డు నిండిపోయింది.

"తాళ్ళ మీది రెండూ ఒకే మొక్క," అంది మేడమ్. "ముక్క తుంచి ముక్క పెంచుతారు కాబట్టి ఎన్నేళ్ళయినా జన్యువులు మారవు."

"విన్నారా! ఇంకా చూస్తారేం పెద్దాయనా, చోటు ఖాళీ చేయించండి!" పెద్దకోడలు సంఘం పెద్ద మీదికి వెళ్ళింది. "తోడబుట్టినదానికన్నా ఎక్కువగా చూసుకున్నందుకు నా ఇంటికే కన్నం వేస్తుందా?"

చిన్నకోడలు లేచింది. బావగారి వైపు ఒక్కసారి చూసింది. ఆయన చేతిలో తాడు ఆగిపోయింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని గుమ్మం వైపు నడిచింది.

"ఆగమ్మా, నేనింకా పూర్తి చెయ్యలేదు," అంది మేడమ్. "ఈ ఎండుకట్ట ఒక్కటే ఈ తీరానిది."

"మరి నా తాళ్ళదో?" అంది పెద్దకోడలు.

"మీ ఇద్దరిదీ ఉత్తరపు ఒడ్డు నాచు."