తొలి కాపు

"విషం కాదంటున్నావు గదా! అయితే నా కళ్లముందే తిను."

గిద్యోను మాస్టారు దడి పట్టుకుని నిలబడ్డారు. విడవలూరు చర్చి సంఘంలో పెద్దమనిషి. ఎన్నడూ గొంతు పెంచి ఎరగరు. ఫ్లోరా కుండీలోంచి దడి మీదికి పాకిన తీగను, దాని కాయలను చూపించింది.

"ఇది ఆ విషపు లింగదొండ కాదు సార్. విదేశాల దోస. అందానికీ పెంచుతారు, తింటారు కూడా. నెల్లూరు నుంచి నా స్నేహితురాలు వినీల విత్తనాలు పంపింది."

"టీ కొట్టు కాడ అందరూ లింగదొండే అంటా ఉండారు. నువ్వు తిని చూసినావా?"

తినలేదు. పన్నెండు గింజలు పెడితే మొలిచింది ఒక్కటే. బోరు నీళ్లు ఉప్పని, తాగే క్యాను నీళ్లే పోసి పెంచింది. ద్రాక్షపండంత కాయలు, ఒంటినిండా పుచ్చకాయ చారలు. ఆదివారం ప్రథమ ఫలాలుగా మందిరంలో పెట్టాలని ఒక్కటీ తుంచలేదు.

"తిను. లేదంటే తీగ పీకేస్తా. రేపు ఎవురికన్నా ఏమన్నా అయితే?"

కోయడానికి చెయ్యి చాచాక గుర్తొచ్చింది ఫ్లోరాకు. కుండీలోకి మట్టి తెచ్చింది కాలవగట్టు నుంచి. ఆ గట్టు పొడుగునా ఇలాంటి చారల కాయలే కాసే లింగదొండే. మొలిచిన ఆ ఒక్కటీ వినీల గింజేనా? మట్టిలో ముందే పడి ఉన్నదా?

మాస్టారు తీగ మొదలు పట్టుకున్నారు.

ఫ్లోరా కళ్లు మూసుకుని ఒక కాయ కొరికింది. పుల్లగా ఉంది. మింగేసింది.

"ఒకటి చాలదు. ఇంకా తిను."

ఇంకో మూడు తింది. మాస్టారు అరుగుమీద కూలబడి ఫోనులో టైము చూసుకున్నారు.

"కడుపులో తిప్పుతా ఉండాదా?"

"లేదు సార్."

"నాలిక మొద్దుబారిందా?"

"లేదు."

ఫ్లోరా ఫోను చేతిలోకి తీసుకుంది. భర్త బెన్హర్ రొయ్యల గుంటల దగ్గర ఉన్నాడు. ఫోను చేస్తే వచ్చేసరికి గంట. చెయ్యాలా? అరచేతులు చల్లబడ్డట్టున్నాయి. భయానికా, కాయకా?

"కళ్లు తిరగతా ఉండాయా? నిజం చెప్పు తల్లీ!" ఆయన నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది.

"ఏం లేదు సార్. బాగానే ఉన్నాను."

పది నిమిషాలు. అరగంట. గంట. ఇద్దరూ అక్కణ్ణుంచి కదల్లేదు. ఫ్లోరాకు ఆకలి కూడా వేసింది. ఆ ఆకలితో పాటే కోపమూ వచ్చింది.

"ఇక చాలా సార్? నేను చస్తానేమో చూద్దామని కూర్చున్నారు గదా! ఇప్పుడన్నా నమ్ముతారా?"

మాస్టారు గుండెమీద చెయ్యేసుకుని, "స్తోత్రం ప్రభువా" అన్నారు. లేచి, రోడ్డుకు అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించారు.

"ఎవురికీ చెప్పబాకమ్మా. పొద్దున వాకింగుకి పోతా పోతా, ముద్దొస్తా ఉండాయని ఈ కాయలే ఓ గుప్పెడు కోసుకోని తినేసినా."